బడి ఆవరణలో నేను తీసేసిన మూడు రాళ్లు

బడి ఆవరణలో నీళ్లు లేవని చెప్పింది నీళ్ల జాడ చూసిన ముసలాయన కాదు, నేను. ఊరి మలుపు దగ్గర బోరు వేయమన్నదీ ఆయన కాదు, అదీ నేనే. ఆ రోజు పొద్దున ఆయన చెప్పింది సరిగ్గా దీనికి తలకిందులు. ఆ మాట విన్నది నేనొక్కడినే. అందుకే దాన్ని మార్చి చెప్పడం అంత తేలికైంది. ఏడాదికి పైగా నోరు విప్పలేదు. తర్వాత విప్పాను గానీ, విన్నది ఒక చిన్న ఊరి వాళ్లు మాత్రమే. మా పాత కంపెనీ గురించి మంచిగా చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఆ బోరు కథ చివర, "పాపం, పల్లెటూరి నమ్మకాన్ని గౌరవించబోయి దెబ్బతిన్నారు" అని ఒక వాక్యం కలుపుతుంటారు. మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర మళ్లీ విన్నాను. ఆ వాక్యాన్ని పుట్టించింది నేనే. దాన్ని ఆపడానికే ఇది రాస్తున్నాను.

అయితే ముందు ఆ రోజుల సంగతి చెప్పాలి. లేకపోతే నా తప్పు ఎంత సంతోషం మధ్యలో జరిగిందో అర్థం కాదు.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. హైటెక్ సిటీలో గుండ్రటి భవనం అప్పుడే పైకి లేచింది. మాదాపూర్ దాటితే రాళ్ల గుట్టలు, సీతాఫలం పొదలు. రాయదుర్గం వైపు మధ్యాహ్నం పూట బండలు పేల్చేవాళ్లు. అద్దెకు తీసుకున్న మా ఆఫీసులో టీ కప్పులు సాసర్లలో గలగలలాడేవి. ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు, "ఇంకో రోడ్డు వస్తోంది" అని నవ్వుకునేవాళ్లం. సోమవారం వెళ్లిన దారి శుక్రవారానికి మారిపోయేది. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. తెనాలి వైపు నుంచి వచ్చినవాణ్ణి. కంప్యూటర్ ముందు కూర్చుంటే మౌస్ ఎటు కదిపితే బాణం ఎటు పోతుందో తెలిసేది కాదు, కానీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. నా పని అనుమతులు తేవడం. కరెంటు, నీళ్లు, రోడ్డు, ప్లాను, ఏ కాగితం కావాలన్నా నా స్కూటరే వెళ్లాలి. ఏ ఆఫీసులో ఎవరికి ఏది ఇష్టమో నాకు కంఠతా వచ్చు. ఒకాయనకు పూతరేకులు. ఒకాయన కొడుక్కి ఉద్యోగం మాట. ఎక్కువమందికి కవరు.

మా కంపెనీ నడిపేది ఒకావిడ. అనంతపురం వైపు మనిషి. అందరం మేడం అనేవాళ్లం. ఒక రోజు ముప్పై మందినీ భోజనాల గదిలోకి పిలిచి, ఇక ఎవరికీ కవర్లు ఇవ్వబోమని చెప్పారు. నీతి గురించి ఉపన్యాసం ఇస్తారనుకున్నాం. ఆవిడ వ్యాపారం గురించి మాట్లాడారు. కవరు ఒక మనిషిని ఒక్క పనికి కొంటుంది, ఆయన బదిలీ అయితే మళ్లీ మొదటికి వస్తాం అన్నారు. నానక్‌రామ్‌గూడ దాటాక మన కొత్త భవనం కడుతున్నాం కదా, దాని పక్కన ఒక ఊరుంది, ఆ ఊరు ఎక్కడికీ బదిలీ అయి పోదు, ఊరికి ఏం కావాలో ఊరినే అడుగుదాం, బహిరంగంగా చేద్దాం, అప్పుడు మన పనికి అడ్డుపడేవాడు ఊరందరికీ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది అన్నారు. సి.ఎస్.ఆర్. అని మూడక్షరాల్లో చెప్పుకోవడం మా దగ్గర ఇంకా మొదలవలేదు. సామాజిక బాధ్యత అన్న మాట కాగితాల్లో మాత్రం ఉండేది. ఆ గదిలో అది మొదటిసారి ప్రాణమున్న మాటలా వినిపించింది. నాకు లోపల భయం వేసింది, నా చదువంతా ఒక్క పూటలో పనికిరాకుండా పోయిందని. కానీ చప్పట్లు అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.

మొదట బడికి రేకులు వేశాం. వానాకాలంలో ఆ బడిలో మూడో తరగతి పిల్లలు గొడుగుల కింద కూర్చునేవాళ్లు. ఒక శనివారం మా ప్రోగ్రామర్లు పదిహేను మంది వచ్చి రేకులు మోశారు. ఒకడు సుత్తితో తన బొటనవేలే కొట్టుకుని, పిల్లలు నవ్వితే తనూ నవ్వాడు. ఆ ఊళ్లో మా ఇసుక లారీలను ముగ్గురు నలుగురు కుర్రాళ్లు ఆపి చాయ్ ఖర్చు అడగడం మామూలు. రేకులు పడ్డ తర్వాతి వారం నేను లారీతో పాటే ఉన్నాను. బావి దగ్గర బిందెతో నిలబడ్డ ఒకామె ఆ కుర్రాళ్లను ఆపింది.

"మన పోరగాళ్ల బడికి రేకులేసిన్రు. వాళ్ల లారీనే ఆపుతార్రా? సిగ్గుండాలె జర."

కుర్రాళ్లు పక్కకు జరిగారు. ఒకడు డ్రైవరుకు దారి కూడా చూపించాడు. ఆ మధ్యాహ్నం నేను స్కూటర్ మీద గట్టిగా పాడుకుంటూ ఆఫీసుకు వచ్చాను. ఎనిమిదేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఒక పని ఎవరి జేబూ తడమకుండా జరిగింది. మేడంకు చెబుతుంటే నా మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

తర్వాత బోరు. బడిలో నీళ్లు లేవు. పిల్లలు మధ్యాహ్నం రోడ్డు దాటి ఒక పొలం బావికి వెళ్లి తాగి వచ్చేవాళ్లు. ఆ రోడ్డు మీద మా లారీలూ, ఇంకా పది కంపెనీల లారీలూ తిరిగేవి. బడి పెద్ద టీచరమ్మ, యాభై దాటిన మనిషి, మెహిదీపట్నం నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. "రేకులైనయి, మంచిగైంది సార్. ఇగ నీళ్లు. రోజూ మధ్యాహ్నం ఆ పిల్లలు రోడ్డు దాటి వచ్చేదాక నాకు ముద్ద దిగదు" అంది. మేడం అప్పటికప్పుడు ఒప్పుకున్నారు. కరువు చూసిన ఊరి మనిషి, నీళ్లంటే రెండోసారి ఆలోచించరు.

ఆ ఊళ్లో ఎక్కడ తవ్వాలో పాయింటు పెట్టించకుండా బోరు వేయరు. పాయింటు పెట్టడానికి తెల్లాపూర్ దగ్గర్నుంచి ఒక ముసలాయన రావాలి. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడుస్తాడు, కింద నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది అంటారు. ఆయనకు రెండు నియమాలు. నీళ్లు పడేదాకా ఏమీ తీసుకోడు. నీళ్లు పడేదాకా ఆ పాయింటు గురించి ఎవరితోనూ మాట్లాడడు, ఆ ఊరి వైపు రాడు. ఆ రెండో నియమం నాకు ఎంత పనికొచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది.

ముసలాయన ఆదివారం వస్తానన్నాడు. దానికి ముందు శుక్రవారం నేను ఒక ఆఫీసుకు వెళ్లాను. మా భవనానికి కరెంటు లైను రోడ్డు దాటి రావాలి, రోడ్డు తవ్వడానికి అనుమతి కావాలి. ఆ ఫైలు ఒక అధికారి బల్ల మీద రెండు నెలలుగా ఉంది. ఆ రోజు ఆయన నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. డబ్బు అడగలేదు. మీ కంపెనీ గురించి విన్నాను, చాలా మంచి పద్ధతి అని మెచ్చుకున్నాడు. తర్వాత అన్నాడు:

"బోరు వేయిస్తున్నారటగా. బడి గోడ లోపల వేస్తే ఊరికేం లాభమండీ? ఆ మలుపు దగ్గర వేయించండి, నలుగురికీ పనికొస్తుంది. మీ ఫైలు సోమవారం చూద్దాం."

మలుపు దగ్గర కొత్తగా హద్దురాళ్లు పాతిన ప్లాట్లున్నాయి. అవి ఆయన బావమరిదివని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. పక్కన నీళ్లుంటే ప్లాట్లు వెంటనే అమ్ముడుపోతాయి. అయినా మెట్లు దిగుతుంటే నా గుండె సంతోషంతో కొట్టుకుంది. ఇది లంచం కాదు కదా అనుకున్నాను. ఎవరి చేతికీ ఏమీ ఇవ్వడం లేదు. బోరు ఊళ్లోనే ఉంటుంది. పిల్లలు నాలుగడుగులు నడుస్తారు, అంతే. మేడం పద్ధతీ నిలుస్తుంది, ఫైలూ కదులుతుంది. ఇంత తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందని నన్ను నేనే మెచ్చుకున్నాను. చేతిలోంచి చేతిలోకి పోయేదాన్నే లంచం అంటారని నేను నిజంగా నమ్మాను. ఇన్నేళ్లూ కవర్లు మోసినవాడికి అంతకన్నా ఏం తెలుస్తుంది?

ఆదివారం పొద్దు పొడుస్తుండగా ముసలాయన వచ్చాడు. పలచటి మనిషి, మోకాళ్ల దాకా పంచె, చెప్పులు గేటు బయటే వదిలాడు. గుంపు వద్దన్నాడు కాబట్టి నేనొక్కడినే ఉన్నాను. ముందుగా మలుపు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అక్కడ అటూ ఇటూ పది సార్లు నడిచాడు. కాయ ఆయన అరచేతిలో నిద్రపోతున్నట్టు పడుకుంది. ఇంకొకసారి చూడమని బతిమాలాను. చూశాడు. తల అడ్డంగా ఊపాడు. తర్వాత బడిలోకి వెళ్లాం. రెండో గది వెనక, గోడకు ఆరడుగుల దూరంలో, కాయ తల ఎత్తింది. పూర్తిగా నిలబడింది. ఆయన వేళ్లు కదల్లేదు, నేను వాటినే చూస్తున్నాను. ఆ విద్య మీద నాకు నమ్మకం ఉందా అంటే అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కానీ ఆ క్షణాన నా ఒళ్లు జల్లుమంది. అది అబద్ధం కాదు.

ఆయన మూడు రాళ్లు ఏరి ముక్కోణంగా పెట్టాడు. మధ్యలో సున్నం చల్లాడు.

"గీడ ఏస్తే రెండు నూర్ల ఫీట్లకు నీళ్లు. గా మలుపుకాడ ఏస్తే దుబ్బ. యాదిపెట్టుకో సారూ" అన్నాడు.

చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఫైలు కళ్ల ముందు కదిలింది. మూడు రాళ్లూ ఒక్కొక్కటిగా తీసి గోడ అవతలికి విసిరాను. సున్నాన్ని బూటుతో రుద్ది మట్టిలో కలిపాను. బూటుకు అంటిన తెలుపును గడ్డి మీద తుడుచుకున్నాను.

సోమవారం టీచరమ్మకు చెప్పాను, బడిలో లేవట, మలుపు దగ్గర ఉన్నాయట అని. ఆమె నమ్మలేనట్టు చూసింది. ఒక్క చుక్క కూడా లేదన్నాడా, మంచిగా చూశాడా అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను. మంగళవారం అనుమతి కాగితం వచ్చింది. ఆఫీసంతా లేచి నిలబడి ఈలలు వేశారు. ఎవరో మిఠాయి తెచ్చారు. పైసా ఇవ్వకుండా వచ్చిన మొదటి పెద్ద కాగితం. మేడం దాన్ని పైకెత్తి చూపించి, "చూసినారా, అవుతాది" అన్నారు. అందరూ నా వీపు తట్టారు. ఆ సంతోషంలో నేను నటించలేదు. నిజంగానే తేలిపోయాను.

పది రోజులకు బోరు బండి వచ్చింది. ఊరంతా మలుపు దగ్గరే ఉంది. షామియానా వేశాం. శిలాఫలకం ముందే చెక్కించి, పసుపు గుడ్డ కప్పి పెట్టాం. పిల్లలకు ఒంటిపూట బడి. కంప్రెసర్ మొదలవగానే నేల కాళ్ల కింద దడదడలాడింది. గుంతలోంచి రాతి పిండి మేఘంలా లేచి జనం మీద పడింది. పిల్లలు తెల్లటి జుట్టుతో ఎగిరారు. ఒక ప్రోగ్రామరు ఒక పిల్లవాణ్ణి భుజాల మీద ఎక్కించుకున్నాడు. వంద అడుగులు. పిండి. ఇంకో పైపు. రెండు వందలు. అందరి కళ్లూ పిండి రంగు మీదే, తడి తగిలితే నల్లబడుతుందని. నేను ఆ యంత్రం దగ్గర గొంతు పోయేలా అరుస్తూ తిరిగాను. మలుపు దగ్గర కూడా నీళ్లు పడతాయని, అప్పుడు నా అబద్ధం అబద్ధం కాకుండా పోతుందని, నాకు అంత ఆశ.

మూడు వందలు దాటాక కూడా పిండే. షామియానా కింద అతిథిగా కూర్చున్న అధికారి గడియారం చూసుకుని జీపెక్కాడు. అప్పుడు ముసలాయన వచ్చాడు. పక్క ఊళ్లో పని మీద ఉంటే బండి చప్పుడు అక్కడి దాకా వినిపించిందట. నీళ్లు పడ్డాయేమో, ఇక రావచ్చనుకుని వచ్చాడు. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి గుంతను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"గీడ ఎవరు పెట్టిన్రు సారూ పాయింటు?"

కంప్రెసర్ ఆపేశారు. అంత నిశ్శబ్దంలో నా గొంతు నాకే స్పష్టంగా వినిపించింది.

"మీరే కదండీ పెద్దాయనా" అన్నాను.

ఎవరో నవ్వారు. "తాతకు యాది తప్పింది. కొబ్బరికాయ పగలగొట్టి పంచు తాతా, అదన్న తింటం" అని ఒక కుర్రాడు అన్నాడు. కంపెనీ సారు ఒకవైపు, ముసలివాడు ఒకవైపు. ఎవరి మాట నిలుస్తుందో ఆయనకు అర్థమైంది. వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత తన మాట చెప్పుకోవడానికి రెండు మూడు చోట్ల ప్రయత్నించాడట. కంపెనీ వాళ్లకు అబద్ధమాడే అవసరమేంటని జనం అడిగారట.

మా భవనానికి కరెంటు వచ్చింది. మా పద్ధతి పేరు మోసింది. కంపెనీల వాళ్లందరూ ఒక హోటల్లో సమావేశం పెట్టి, లంచాలు లేకుండా వ్యాపారం చేయడం గురించి మా అనుభవం చెప్పమన్నారు. మేడం నన్ను వేదిక ఎక్కించారు. రేకుల సంగతి, లారీల సంగతి చెబుతుంటే సభ ఊగిపోయింది. అవి నిజాలు, చెబుతూ నేనూ ఊగిపోయాను. చివర్లో ఒకాయన లేచి బోరు ఎందుకు ఎండిపోయిందని అడిగాడు. స్థానిక నమ్మకాన్ని గౌరవించాం సార్, భూమి గౌరవించలేదు అన్నాను. అందరూ నవ్వారు. ముందు వరసలో, మేడం పిలిచిన అతిథిగా, టీచరమ్మ కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు.

బయట బస్సు కోసం నిలబడి ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది. ముసలాయనను ఇప్పుడు ఎవరూ పిలవడం లేదట. తెల్లాపూర్‌లో ఒక ప్లాట్ల వెంచర్‌కు వాచ్‌మన్‌గా కుదిరాడట. "మా అమ్మగారింట్ల బాయికి పాయింటు పెట్టింది ఆయననే సార్. ముప్పై ఏండ్లాయె. ఒక్క ఎండాకాలం కూడ ఎండలే. మరి గీడ ఎట్ల తప్పిండో" అంది. నన్ను అనుమానించలేదు. నిజంగానే ఆయన కోసం బాధపడుతోంది. బస్సు వచ్చింది, ఎక్కింది. నా వేదిక ఉత్సాహమంతా ఆ బస్సు పొగలో పోయింది.

మర్నాడు పొద్దున్నే మేడం గదిలోకి వెళ్లి అంతా చెప్పాను, అధికారి టీ దగ్గర్నుంచి రాళ్ల దాకా. అంతా విని ఆవిడ అన్నారు:

"లంచమిచ్చినావప్పా. కంపెనీ సొమ్ము కూడా కాదు. బడి పిల్లోళ్ల నోటికాడిది తీసి ఇచ్చినావు. ఒక ముసలాయన పేరు తీసి ఇచ్చినావు."

రాజీనామా జేబులో పెట్టుకుని వెళ్లాను. ఆవిడ అడగలేదు. వచ్చే సమావేశంలో నిజం తానే చెబుతానన్నారు. చెప్పారు కూడా. ఆ రోజు చప్పట్లు తక్కువ, అక్కడ విన్నవాళ్లు బయట చెప్పిందీ తక్కువ. ఆ పొద్దునే నాతో, బడిలో బోరు వేస్తున్నాం, ముందు ఆ ముసలాయన్ని పిలుచుకుని రా అన్నారు.

తెల్లాపూర్‌లో ఆయన ఒక రేకుల గదిలో ఉన్నాడు. చుట్టూ హద్దురాళ్లు, ముళ్ల కంప. నేను నిలబడే మొదలుపెట్టాను, అక్కడ కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. సగం చెప్పానో లేదో ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"నాకెందుకు చెప్తవ్ సారూ? నాకెర్కే గద. ఊరికి ఎర్క లేదు. పో, ఆడ చెప్పు."

"మీరు రావాలండీ."

"నువ్వు చెప్తనంటే వస్త."

స్కూటర్ మీద తిరిగి వస్తుంటే భయమూ ఉంది. కానీ ఆ రేకులు మోసిన శనివారం తర్వాత మళ్లీ అంత ఉత్సాహం నాకు ఆ రోజే కలిగింది. ఎవరి దగ్గరా దాచాల్సింది ఏమీ లేకుండా మాట్లాడబోతున్నాను. ఒక్కటి మాత్రం మేడంను అడిగి ఒప్పించుకున్నాను. బోరు వేయకముందే చెబుతాను, నీళ్లు పడ్డాక చెబితే ఆయన మాటను నిలబెట్టింది నీళ్లే అవుతాయి, నేను కాదు. తర్వాత అక్కడ నీళ్లు పడ్డాయి, ఆయన అన్నదానికన్నా లోతున.

శనివారం పొద్దున బడి ఆవరణ నిండింది. పిల్లలు వరసల్లో కూర్చున్నారు. మలుపు దగ్గర నవ్విన కుర్రాళ్లు గోడెక్కారు. బిందె పట్టుకుని మా లారీని వదిలించినామె ముందే నిలబడింది. టీచరమ్మ నాకు మైకు ఇవ్వబోతే వద్దన్నాను, అది నాకు వేదికలా అనిపించింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. అధికారి దగ్గర ఒప్పుకున్నది, ఆదివారం కాయ ఎక్కడ లేచింది, నేను ఏం తీసి పారేశాను, అన్నీ. గోడ మీది కుర్రాడొకడు చిన్నగా కిందికి దిగాడు.

ముసలాయన గేటు దగ్గరే ఉన్నాడు, లోపలికి రాలేదు. నేను పిల్లల వరసల మధ్య నుంచి ఆయన దగ్గరికి నడిచాను. ఊరికి వినిపించేలా చెప్పాలని గొంతు పెంచాను.

"పెద్దాయనా, మీరు చెప్పింది దాచి, మీరు చెప్పనిదాన్ని మీ నోట పెట్టాను. మీరు నిజం అడిగితే ఇంతమందిలో మిమ్మల్ని మతిమరుపు మనిషిని చేశాను. ఏడాది పాటు నా పేరు పెరుగుతుంటే మీ పేరు పోతుంటే చూస్తూ ఊరుకున్నాను. తప్పు మీ విద్యది కాదు, నాది. నన్ను క్షమించండి."